ఇద్దరూ రిటైరైతేనే యాత్ర



సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులు కాగానే మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? సకినాల డబ్బా సగానికి వస్తుంది. అరిసెలు గట్టిపడతాయి. పండక్కి వచ్చిన పిల్లలు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. ఇల్లు బోసిగా ఉంటుంది. అలాంటి ఒక పొద్దున ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "ఎటైనా వెళ్లొద్దామా?" అంటారు. దానికి మనం చెప్పే జవాబులు కూడా అందరికీ తెలిసినవే. "మోకాళ్లు కాస్త తగ్గనీండి", "అమ్మాయి పురుడు కానీండి", "పనిమనిషి ఊరినుంచి రానీండి." ఇంతలో ఎండలు వస్తాయి. ఏడాది గడుస్తుంది.

ఈవేళ ఆ మాట గురించే చెబుదామని వచ్చాను. చలికాలంలో, ఉద్యోగం నుంచి రిటైరైన భార్యాభర్తలు ఇద్దరే, తమ కారులో, మన హైదరాబాదు నుంచి దక్షిణానికి దిగి రావడం. అది కుదిరే పనేనా, కుదిరితే ఎలా వెళ్లాలి, అందులో ఇంటి ఇల్లాలికి ఒరిగేదేమిటి, ఇదీ నా విషయం.

దారి సంగతి ముందు చెబుతాను. చార్మినారు దాటి షాలిబండ, అలియాబాదు, చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ చౌరస్తాకు చేరామంటే ఇక ఎవరినీ దారి అడగనక్కరలేదు. అక్కడ ఎదురయ్యే పెద్ద రోడ్డు షాద్‌నగర్, జడ్చర్ల, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై మీదుగా వెళ్లి కన్యాకుమారి సముద్రం ఒడ్డున ఆగుతుంది. సుమారు 1250 కిలోమీటర్లు. ఇప్పుడు దానికి 44వ నంబరు జాతీయ రహదారి అని పేరు. 2010లో నంబర్లన్నీ మార్చారు గాని, అంతకు ముందు అది 7వ నంబరు. ఆ ఏడో నంబరు రోడ్డుకు ఒక కొస కాశీ, రెండో కొస కన్యాకుమారి. మన పెద్దవాళ్లు కాశీ గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించి, రామేశ్వరం ఇసుక తీసుకుపోయి గంగలో కలిపేవారు కదా! అంత యాత్రకు సగం దారిలో, ఇంటి గుమ్మం ముందే, మనం కూర్చుని ఉన్నాం. కూర్చునే ఉన్నాం, అదే విశేషం!

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని మన హైదరాబాదు మీదుగానే వెళ్లారు. కుటుంబం, నౌకర్లు, పల్లకీలు మోసే బోయీలు, అంతా ఒక చిన్న ఊరంత పరివారం. ఇల్లు చేరేసరికి ఏడాదీ మూడు నెలలు పైన పట్టింది. ఆయన ప్రతి మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలా ఉందీ అని రాసిపెట్టారు గనుక ఇవాళ మనం చదువుకోగలుగుతున్నాం. ఆ పరివారానికంతా మూడు పూటలా ఎవరు వండారో, పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారో నాకు మాత్రం చదువుతున్నంతసేపూ అదే ధ్యాస.

ఆ ధ్యాస ఎందుకంటే, మా గౌలిపురా గల్లీలో ఒక అక్కయ్యగారు ఉన్నారు. పేరెందుకు లెండి. ఆవిడా, బావగారూ 2024లో సంక్రాంతి వెళ్లాక ఈ దారినే కారులో వెళ్లి వచ్చారు. నేను ఇవాళ చెప్పేదంతా ఆవిడ మా ఇంటి గుమ్మంలో కూర్చుని చెప్పినదే.

బావగారు రిటైరై అప్పటికి రెండేళ్లు. రిటైరైన రోజున ఆఫీసులో శాలువా కప్పారు, దండ వేశారు, పెద్దలు ప్రసంగాలు చేశారు. సాయంత్రం ఇంటిదాకా దిగబెట్టడానికి వచ్చిన పాతికమందికీ ఉప్మా చేసి కాఫీలిచ్చినది అక్కయ్యగారు. మర్నాడు బావగారు ఏడున్నరకు లేచారు. అక్కయ్యగారు మామూలుగా అయిదింటికే లేచారు. "ఒక ఇంట్లో ఇద్దరుంటే ఒకళ్లకే రిటైర్మెంటు ఏమిటే?" అని నాతో నవ్వుతూ అన్నారు గాని, అది నవ్వుకునే మాటేనంటారా?

ప్రయాణం అనుకోగానే డిక్కీలో పెట్టవలసిన వస్తువులకు బావగారు జాబితా రాశారు. మొదటిది గ్యాసు పొయ్యి, చిన్న సిలిండరు. రెండోది కుక్కరు. తరువాత బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపుల పెట్టె. బయటి తిండి పడదు, దండగ, ఎక్కడ చెట్టు కనిపిస్తే అక్కడ ఆగి హాయిగా వండుకోవచ్చు అని ఆయన లెక్క. వండుకోవచ్చు అన్నారేగాని ఎవరు అన్నది రాయలేదు! అక్కయ్యగారు జాబితా అంతా చదివి, "పొయ్యి వస్తే నేను రాను. మీరూ, పొయ్యీ వెళ్లి రండి," అన్నారట.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోనాడు పొయ్యి అటక మీదికి వెళ్లింది. మూసిన డిక్కీలో, ఎండలో, గ్యాసు సిలిండరు పెట్టుకుని వందల కిలోమీటర్లు తిరగడం ఎటూ ప్రమాదమే గనుక ఆ వంకన బావగారి గౌరవమూ నిలిచింది. దారికి ఆవిడ కట్టుకున్నవి పండగ సకినాలు, నువ్వుల లడ్లు, అటుకులు, పల్లీల పొడి, ఒక చిన్న సీసాలో నిమ్మకాయ ఊరగాయ. మొదటి రోజుకు మాత్రం పులిహోర. ఫ్లాస్కులో చాయ్, ఉస్మానియా బిస్కట్లు సరేసరి. అందుకే సంక్రాంతి వెళ్లాక బయలుదేరడం మేలంటాను, దారి బత్తెం ఇంట్లో తయారుగా ఉంటుంది.

అంతకన్నా పెద్ద కారణం వాన. మనకు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. తమిళనాడుకు అసలు వానకాలం అక్టోబరు నుంచి డిసెంబరు, ఈశాన్య రుతుపవనాలు. మనకిక్కడ చలి మొదలైంది కదా అని డిసెంబరులో దిగితే అక్కడ తుపాను ఎదురు రావచ్చు. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో తిరునెల్వేలి, తూత్తుకుడి జిల్లాలు మునిగిపోయాయి. కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన. పైగా జనవరి మధ్య దాకా రోడ్ల నిండా శబరిమల బస్సులు, కార్లు. మకరజ్యోతి అయ్యాక ఆ రద్దీ తగ్గుతుంది, ఆకాశం విడుస్తుంది, ఇంకా ఎండలు రావు. జనవరి ఇరవై నుంచి ఫిబ్రవరి పది దాకా ఉన్న ఆ మూడు వారాలే పెద్దవాళ్ల ప్రయాణానికి మంచి కాలం.

ఈ మాట చెప్పగానే కొడుకు అమెరికా నుంచి ఫోనులో కోప్పడ్డాడట. "ఈ వయసులో కారులో అంత దూరమా? ఇంట్లో హాయిగా ఉండక!" అని. ఈ అబ్బాయి ఉండేది చికాగో. అక్కయ్యగారు అంతకు ముందు ఒక శీతాకాలం అక్కడ నాలుగు నెలలున్నారు. బయట మోకాలి లోతు మంచు, గుమ్మం దాటనిచ్చేవారు కారట. పక్కింట్లో డెబ్బై దాటిన దొర, దొరసాని ఉండేవారు. వాళ్లు పండగలు కాగానే ఇల్లు తాళం పెట్టి, ఇల్లులాంటి పెద్ద బండి ఒకటి తోలుకుంటూ మెక్సికో దేశానికి దిగిపోయారట. అమెరికాలోనూ, కెనడాలోనూ ఇలా చలికి దక్షిణం పట్టే పెద్దవాళ్లను మంచు పక్షులు అంటారు. మెక్సికోలో బాహా కాలిఫోర్నియా అని సముద్రంలోకి పొడుగ్గా చొచ్చుకుపోయిన నేల ఉంది. దాని కొస దాకా సుమారు 1700 కిలోమీటర్ల రోడ్డు 1973లో పూర్తయింది. అప్పటినుంచి ఈ బళ్లవాళ్లకు అది రాచబాట అయింది. అదే చలికాలంలో తిమింగలాలు కూడా అలాస్కా వైపునుంచి ఈదుకుంటూ వచ్చి అక్కడి ఉప్పుకయ్యల్లో ఈనుతాయట. చలికి దక్షిణం వెళ్లడం మనుషులు కనిపెట్టిన సంగతి కాదన్నమాట.

"ఆ దొరసాని వెళుతుంటే వీడియో తీసి, ఎంత ధైర్యమో చూడమ్మా అని నాకు చూపించినవాడు వీడే. మనం కర్నూలు వెళతామంటే గుండె ఆగిపోతోంది వీడికి," అన్నారు అక్కయ్యగారు. పిల్లల భయం ప్రేమే, కాదనను. కాని ఆ ప్రేమ చెప్పినట్లల్లా వింటే మనం కుర్చీలోంచి లేవం.

సరే, బయలుదేరారు. పొద్దున ఏడున్నరకు, మంచు విడిచాక. అప్పటికి జూపార్కు నుంచి ఆరాంఘర్‌కు ఫ్లైఓవరు లేదు, అది 2025 జనవరిలో తెరిచారు. ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టి, అలవాటు ప్రకారం అక్కయ్యగారు వెనుక తలుపు తీశారు. బావగారు ఆశ్చర్యంగా చూశారు. ముందు సీటు ఖాళీ! ఆవిడకు అప్పుడు తట్టిందట. పెళ్లైన కొత్తలో స్కూటరు వెనుక సీటు. కారు కొన్నాక ముందు సీటు మామగారిది. ఆయన పోయాక కొడుకుది. తరువాత అల్లుడిది. ముప్పై ఆరేళ్ల కాపురంలో ముందు అద్దంలోంచి రోడ్డు చూడడం అదే మొదలు. "రోడ్డు మనవైపు వస్తుందే! వెనక కూర్చుంటే అన్నీ వెళ్లిపోయేవే కనిపిస్తాయి," అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

రోజుకు రెండు వందల యాభై, మహా అయితే మూడు వందల కిలోమీటర్లు. అంతకు మించవద్దు. రెండు గంటలకొకసారి దిగి నాలుగడుగులు నడవాలి, లేకపోతే కాళ్లు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంటుంది. సూర్యాస్తమయం తరువాత బండి కదలకూడదు. శుక్లాలు వచ్చే వయసులో ఎదురు లైట్లు కళ్లను కమ్మేస్తాయి. మగవాళ్లు ఒప్పుకోరు గాని, ఇది నిజం.

మొదటి రోజు బీచుపల్లి దగ్గర కృష్ణ. ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, అలంపురం చౌరస్తా దగ్గర పక్కకు తిరిగి జోగులాంబను చూసుకుని, తుంగభద్ర దాటి కర్నూలులో పడుకున్నారు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు పదమూడు వందల ఏళ్లనాటివి, బాదామి చాళుక్యులు కట్టినవి. అంత చక్కటి శిల్పం ఇంత దగ్గరలో పెట్టుకుని మనలో ఎంతమంది చూశామో చేతులెత్తమంటే సగం చేతులు లేవవు. రెండో రోజు పామిడి దగ్గర పెన్న దాటి లేపాక్షి. అక్కడ రెండు రాత్రులు. వేలాడే స్తంభం కింద చీరకొంగు దూర్చి తీసి అందరూ సరదా పడతారు, ఆవిడా పడ్డారు. నన్ను అడిగితే తల పైకెత్తి కప్పు మీద బొమ్మలు చూడండి అంటాను. పదహారో శతాబ్దంలో వేసిన ఆ స్త్రీల చీరల మీద గళ్లు, పువ్వులు, అంచులు చూస్తే కొట్టువాడు నిన్న విప్పి చూపించినట్లుంటాయి.

బెంగళూరును ఆదివారం పొద్దున దాటారు. ఆ ఊరిని వేరే రోజున దాటాలనుకునేవాళ్లకు ఓపిక ఉండాలి. హోసూరు దగ్గర బోర్డులన్నీ తమిళంలోకి మారిపోయాయి, అక్కయ్యగారికి గుండె జారింది. అరటిపళ్ల ముసలమ్మ దగ్గర వేళ్లతో సైగ చేస్తుంటే, "ఎన్ని కావాలమ్మా?" అందిట ఆవిడ! హోసూరు, కృష్ణగిరి ప్రాంతమంతా తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఆ ముసలమ్మ తెలుగు మన తెలుగులా లేదట, కాని అమ్మ అన్న మాట మాత్రం మనదేనట.

ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటు అని వస్తుంది. చూడడానికి కొండలా ఉండదు. కాని సేలం వైపు ఏటవాలుగా దిగే ఆ రోడ్డులో బ్రేకులు పట్టని లారీలు ముందు బళ్ల మీదకు వచ్చిపడిన ప్రమాదాలు చాలా జరిగాయి. అక్కడ చిన్న గేరులో, ఎడమ పక్కన నిదానంగా దిగాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదలడం చావును పిలవడమే. మీవారికి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి గుర్తు చేయండి.

అసలు ఆపద ఘాటులో రాలేదు. నామక్కల్‌లో ఆంజనేయస్వామిని చూసి, పరమత్తి వేలూరు దగ్గర కావేరి దాటిన తరువాత వచ్చింది. బావగారికి చక్కెర జబ్బు. పొద్దున గోలీ వేసుకున్నారు, టిఫిను మాత్రం కరూరులో తిందామన్నారు, కరూరు వచ్చాక దిండిగల్‌లో తిందామన్నారు. మగవాళ్లకు కిలోమీటర్లు కరిగించే పిచ్చి ఒకటి ఉంటుంది, చూశారా! పదకొండు గంటలకు కారు మెల్లగా ఎడమకు జరుగుతోంది. అక్కయ్యగారు పక్కకు చూస్తే ఆయన నుదుట చెమటలు, స్టీరింగు మీద చేతులు వణుకు. పిలిస్తే సమాధానం తేడాగా ఉంది. ఆవిడ గట్టిగా, "ఆపండి!" అని, హజార్డు లైటు మీట తానే నొక్కారు. కారు పక్కకు ఆగింది.

ఆవిడ సంచీలో గ్లూకోజు పొట్లం ఉంది. ఇలాంటప్పుడు మూడు నాలుగు చెంచాల గ్లూకోజు గాని చక్కెర గాని నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట చూడాలి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి, తేరుకున్నాక ఇడ్లీయో, అన్నమో పెట్టాలి. తేరుకున్నా ముప్పావు గంట దాకా స్టీరింగు పట్టకూడదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోను చెయ్యాలి. జాతీయ రహదారి మీద ఏ సహాయానికైనా 1033 నంబరుంది. ఇవన్నీ ఆవిడ ముందే కాగితం మీద రాసుకున్నారు. వెనుక సీట్లో కునుకుతీస్తూ ఉండి ఉంటే? అది తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందట. చికాగోకు మాత్రం ఆ రాత్రి, "నాన్నగారు బాగా తోలుతున్నారు," అనే చెప్పారు.

ఆ మధ్యాహ్నం నుంచి టిఫిను వేళలు అక్కయ్యగారు నిర్ణయించారు. బావగారు మారుమాటాడలేదు.

మరొక సంగతి చెప్పకుండా దాటలేను. రేడియోలో చెప్పవచ్చా అంటే, మన కార్యక్రమంలో కాకపోతే ఇంకెక్కడ చెబుతాం? ప్రయాణమనగానే మన ఆడవాళ్లం నీళ్లు తాగడం మానేస్తాం. దారిలో మరుగు దొరకదని భయం. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం, నడి వయసు దాటాక అది ముదిరితే ఆస్పత్రి. ఈ రోడ్డు మీద ఇప్పుడు పెద్ద పెట్రోలు బంకుల్లోనూ, టోల్‌గేట్ల దగ్గరా మరుగుదొడ్లున్నాయి. అన్నీ శుభ్రంగా ఉంటాయని నేను చెప్పను. ఒక మగ్గు, సబ్బుముక్క, చిన్న సీసాలో ఫినాయిలు, పాత చెప్పులు విడిగా పెట్టుకోండి. ఆపమని అడగడానికి మొహమాటపడకండి. లారీ ఓవర్‌టేక్ చేసిన తరువాత ఆపుతానంటే ఒప్పుకోకండి.

దిండిగల్ దగ్గర రోడ్డు పక్కన వేలమంది నడుస్తూ కనిపించారట. ఆకుపచ్చ, పసుపు బట్టలు, భుజాన కావళ్లు, చంకలో పిల్లలు. తైపూసానికి పళని కొండకు నడిచి వెళ్లే భక్తులు. ఆ ఏడు తైపూసం జనవరి 25న వచ్చింది. తైపూసానికి ముందు ఆ దారిలో తెల్లవారుజామునగాని, చీకటిపడ్డాక గాని కారు తోలవద్దు, వాళ్ల క్షేమం కోసం.

మదురైలో మూడు రోజులు. మీనాక్షి అమ్మవారిని చూడడానికి పొద్దున ఒకసారి, రాత్రి పవళింపు సేవకు ఒకసారి. తిరుమల నాయకుని మహలు చూస్తూ, ఇది కట్టించినది మన తెలుగు నాయకరాజులే అని బావగారు గైడుకే చెప్పడం మొదలుపెట్టారట. మల్లెపూలు మాత్రం చలికాలంలో పూత తక్కువ. పొంగల్ రోజుల్లో మదురై మల్లె ధర కొండెక్కి కూర్చుంటుంది. అక్కయ్యగారు ఒక్క మూర కొని, ధర విని, జన్మలో మరువనన్నారు. సుంగుడి చీరలు మాత్రం నూలువి, తేలికవి, రెండు తెచ్చుకున్నారు.

తిరునెల్వేలిలో తామ్రపర్ణి దాటాక గాలిమరలు మొదలయ్యాయి. కన్యాకుమారిలో చలికాలానికి ఒక ప్రత్యేకత ఉంది. అక్టోబరు సగం నుంచి మార్చి సగం దాకా సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు గనుక ఉదయించడమూ, అస్తమించడమూ రెండూ సముద్రంలోనే కనిపిస్తాయి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో వెళ్లినవాళ్లకు ఇది దొరకదు. వివేకానంద శిలకు పడవ క్యూ పొడుగు, అక్కడ మెట్లూ ఎక్కువే. అక్కయ్యగారి మోకాళ్లు వద్దన్నాయి. ఆవిడ ఒడ్డునే కూర్చున్నారు, బావగారు ఒక్కరూ వెళ్లి వచ్చారు. అన్నీ ఇద్దరూ కలిసే చూడాలని ఎక్కడా రాసిలేదు. ఆ రెండు గంటలూ ఎవరికీ కాఫీ పెట్టకుండా సముద్రాన్ని చూస్తూ ఉన్నానే, అన్నారు.

రామేశ్వరంలో ఇరవై రెండు బావుల నీళ్లూ పోయించుకున్నారు. జలుబు చేసింది, పుణ్యమూ వచ్చింది. ధనుష్కోటి కొస దాకా ఇప్పుడు మంచి రోడ్డు ఉంది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ప్యాసింజరు రైలుతో సహా కొట్టుకుపోయిన ఊరు అది. మిగిలిన గుడి గోడల మధ్య చేపలమ్మే ఆడవాళ్లు కూర్చుని ఉన్నారట. అక్కయ్యగారు అక్కడ ఫొటో తీయనివ్వలేదు.

తంజావూరు నుంచి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లు. ఆ ఏడు త్యాగరాజ ఆరాధన, అంటే పుష్య బహుళ పంచమి, జనవరి 30న. వీళ్లు మర్నాడు చేరారు. పందిళ్లు విప్పుతున్నారు, జనం లేరు. కావేరి ఒడ్డున సమాధి మందిరంలో ఇద్దరే. ఆ మందిరం కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మగారు. పాడుబడిన సమాధిని తన సొంత డబ్బుతో, నగలమ్మి, 1925 నాటికి గుడిగా నిలబెట్టారు. అదే చోట ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు పెద్దలు. ఆవిడ ఊరుకోకుండా ఆడవాళ్లతో వేరే కచేరీలు పెట్టించారు. 1940 ప్రాంతానికి పక్షాలన్నీ కలిసి, ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక్కచోట పాడడం వచ్చింది. నాగరత్నమ్మగారి విగ్రహం ఇప్పుడు త్యాగయ్యగారి వైపే చూస్తూ ఉంటుంది. అక్కయ్యగారు చిన్నప్పుడు నేర్చుకుని, పెళ్లయ్యాక వదిలేసిన కీర్తన ఒకటి అక్కడ కూర్చుని చివరిదాకా పాడారట. బావగారు విన్నారు. ముప్పై ఆరేళ్లలో ఆయన విన్నది మొదటిసారి అని ఆయనే నాతో అన్నారు. ఏ కీర్తన అని అడిగితే మాత్రం చెప్పలేకపోయారు.

తిరుగు దారి తిరుపతి, కడప, కర్నూలు. వీరాస్వామయ్యగారు వచ్చిన వైపునుంచే. మొత్తం పద్ధెనిమిది రోజులు, సుమారు 2800 కిలోమీటర్లు. లీటరుకు పదహారు కిలోమీటర్లు ఇచ్చే కారుకు 175 లీటర్ల పెట్రోలు. గదులు మామూలువే, కాని గ్రౌండు ఫ్లోరులోనో, లిఫ్టు ఉన్నచోటనో, కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉందో లేదో ముందే ఫోనులో అడిగి తీసుకున్నారు. కూతురికి పెళ్లిరోజుకు ఏం కొనాలో ఆలోచించే కొడుకులూ, కూతుళ్లూ, అమ్మానాన్నలకు ఒక ఏడు ఇది ఇప్పించవచ్చు.

వెళదామనుకునేవారు ఇంట్లో ముందుగా రెండు పనులు చూడండి. ఒక నోటుపుస్తకంలో ఆయన సెల్‌ఫోను తెరిచే నంబరు, బ్యాంకు కార్డు పిన్ను, కారు ఇన్సూరెన్సు, ఆరోగ్య బీమా నంబర్లు, డాక్టరుగారి ఫోను, ఇద్దరి మందుల పేర్లు రాయించి మీ సంచీలో ఉంచుకోండి. ఫాస్టాగ్‌లో డబ్బులెలా వేయాలో మీరూ నేర్చుకోండి. అన్నీ ఆయన ఫోనులోనే ఉండి, ఆ ఫోను మీకు తెరుచుకోకపోతే, నడిరోడ్డు మీద ఎవరిని అడుగుతారు?

రెండోది, ఈ సాయంత్రం ఆయన డ్రైవింగు లైసెన్సు తీసి తారీఖు చూడండి. యాభై అయిదు దాటాక అది అయిదేళ్లకొకసారి రెన్యూ చేయించాలి, దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. కళ్లు చూపించుకోమంటే వినని మనిషి లైసెన్సు కోసమైనా వెళతారు. అక్కయ్యగారు యాభై ఎనిమిదో ఏట డ్రైవింగు స్కూల్లో చేరారు. చార్మినారు వైపు ఇంకా తీసుకుపోవడం లేదు, ఆదివారం పొద్దున చాంద్రాయణగుట్ట దాకా తోలుతున్నారు. పక్కన ముందు సీట్లో బావగారు.